బయటి గది

బయటి గదిలోంచి నవ్వులు వినబడేసరికి ప్రొఫెసరుకి ఒళ్లు మండింది.

దిగులు జబ్బుతో వచ్చినవాళ్లను ఆయన రెండు జట్లు చేశాడు. ఒక జట్టు లోపలి గదిలో యంత్రంతో గంటసేపు మాట్లాడాలి. రెండో జట్టు బయటి గదిలో ఊరికే కూర్చుని పోవాలి.

లోపలివాళ్లు కోలుకుని బయటివాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉంటే యంత్రం గెలిచినట్టు. మనస్తత్వశాస్త్రానికి రేపటి దారి ఇదేనని ఆయన ఊరూవాడా చాటాడు కూడా.

తీరా చూస్తే రెండు జట్లూ సమానంగా కోలుకుంటున్నాయి!

"బయట ఒక పెద్దావిడ కూర్చుని అందర్నీ పలకరిస్తోంది సార్. కబుర్ల పిన్ని అంటున్నారు" అంది సహాయకురాలు.

వచ్చినవాళ్లకి పేర్ల బదులు నంబర్లిచ్చారు; ఏ నంబరు ఎవరిదో చివరిదాకా ప్రొఫెసరుకీ సహాయకురాలికీ తెలియకూడదని నియమం.

ప్రొఫెసరు విసవిసా వెళ్లాడు. ఆవిడ ఒక డ్రైవరు చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతూ అతని గోడు వింటోంది.

"ఎవరికి తోడొచ్చారమ్మా?"

"అందరికీ బాబూ" నవ్విందావిడ.

"ఇది కాలక్షేపం కాదు, పరిశోధన. మీవల్ల నా లెక్కలన్నీ చెడుతున్నాయి. రేపట్నుంచి రాకండి."

"రాకపోతే ఎలా బాబూ, నాకూ..."

"చెప్పానుగా!"

ఆవిడ దారం కొరికి, సూది డబ్బాలో పెట్టుకుని లేచింది. డ్రైవరు కూడా లేవబోయాడు.

"కూర్చో నాయనా, నువ్వు మానకు" అని వెళ్లిపోయింది.

బయటి గది మూగబోయింది. డ్రైవరు మళ్లీ గడ్డం గీసుకోవడం మానేశాడు. అందరి దిగులూ మొదటికొచ్చింది.

ప్రొఫెసరు లెక్కలు మాత్రం ముచ్చటగా కుదిరాయి. యంత్రం గెలిచింది. సభలో చప్పట్లు మారుమోగాయి.

సభ అయ్యాక సహాయకురాలు వచ్చింది. ఏడ్చినట్టుంది.

"పదిహేడో నంబరు మధ్యలో మానేసింది కదా సార్. పేర్లు బయటపడ్డాక ఇవాళ ఇంటికెళ్లాను."

"ఏ జట్టు?"

"బయటి గది."

"హమ్మయ్య, యంత్రానికి మచ్చ లేదు. ఏమైందట?"

"ఒంటరి మనిషి సార్. పోయిన నెల ప్రాణం తీసుకుంది. ఇక్కడికొచ్చిన రోజుల్లోనే కడుపునిండా తినేదని పక్కింటావిడ చెప్పింది."

ఆమె సంచిలోంచి సూదుల డబ్బా తీసి బల్లమీద పెట్టింది.

ప్రొఫెసరు ఆ డబ్బాని గుర్తుపట్టాడు.

ఎవరికో తోడొచ్చిందనుకుని తను వెళ్లగొట్టిన కబుర్ల పిన్నే పదిహేడో నంబరు.