గింజ మాట

"సిరిమల్లీ, ఎక్కడున్నావే?" అని పిలిచింది ముసలి గోరింక పంతులమ్మ.

తుమ్మకొమ్మ చాటున ముడుచుకుని కూర్చుంది పికిలిపిట్ట సిరిమల్లి. పొద్దున్నే ఓట్లయ్యాయి. పిల్లపిట్టలకు వలను గుర్తుపట్టడం నేర్పే బడి నిలవాలంటే, ప్రతి గూడూ రోజుకు ఇంకో గింజ పన్ను కట్టాలి. సరేనంటే పచ్చాకు, వద్దంటే ఎండుటాకు వెయ్యాలి. చెట్టు కింద ఎక్కడ చూసినా ఎండుటాకులే.

"గూడుగూడుకీ వెళ్ళి చెప్పొచ్చావు కదే. మరి ఇలా ఎందుకేశారు?"

పక్కకొమ్మ మీది పిచ్చుక అందుకుంది. "ఈ సిరిమల్లొచ్చి బడి మీద పాట పాడిపోయింది, మేం మురిసిపోయాం. గింజ సంగతి ఇక్కడికొచ్చాక ఓట్లేయించే కాకి చెబితే తెలిసింది. మోసం కాదా పంతులమ్మా ఇది?"

గోరింక తల దించుకుంది. "నేనే చెప్పి పంపడం మరిచానేమోనమ్మా. ముసలిదాన్నయిపోయాను."

బడి లేదని తెలిసి పిల్లపిట్టలు అప్పుడే వేటగాడి వలలున్న చేను వైపు కేరింతలతో ఎగిరిపోతున్నాయి. వెనక్కి పిలిచినా ఒక్కటీ వినలేదు.

సిరిమల్లి కొమ్మ చాటు నుంచి బయటికొచ్చింది.

"మీరు చెప్పారు పంతులమ్మా. గింజ మాట కలిపితే పాట అందం పోతుందని, నేనే తీసేశాను."