చుక్క నెంబరు

చెడిన షీటు ఒకటి ఆమె కంటపడకుండా దాటిపోయింది.

పక్క కుర్చీలోని పెద్దాయన చెయ్యి చాచి, మంచి షీట్ల దొంతరలోంచి దాన్ని మెల్లగా లాగి, చెడినవాటిలో పెట్టాడు.

ఆమె గబగబా తర్వాతి షీటు అందుకుంది.

నోట్లు అచ్చయ్యే ఆ ప్రెస్సులో ఆమెను అందరూ డేగకన్ను అంటారు. షీట్లు చూసి తప్పులు పట్టడమే ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఆ డేగకన్నుకు ఆరు నెలలుగా మసక కమ్ముతోందని ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే మర్నాడే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో నలుగురికీ ఆమె జీతమే ఆధారం.

ఆ పని అలాంటిది మరి. కేంద్ర బ్యాంకు గడప దాటేదాకా ఆ నోట్లు డబ్బు కావు, వట్టి కాగితాలే. ఆ బ్యాంకు ఎన్ని అడిగితే సరిగ్గా అన్నే వెళ్లాలి. ఒక నోటు చెడితే, అదే నెంబరుతో ఇంకోటి కొడతారు. ఆ నెంబరు ముందు చిన్న చుక్క ఉంటుంది. చుక్క ఉందంటే, అది ఇంకోదాని బదులు వచ్చిందని అర్థం.

పెద్దాయన వచ్చి మూడు రోజులే. ఎక్కడినుంచి బదిలీ అయ్యాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. రోజంతా పచ్చి షీట్లు తిప్పినా ఆయన వేళ్లకు సిరా అంటేది కాదు.

"మీ కుర్చీ నాకిస్తారా అమ్మా?" అన్నాడు కాసేపటికి.

అలా అడగడం అది మూడోసారి. కిటికీ పక్క కుర్చీ అది. వెనక నిలువెత్తు ఇనుప ర్యాకు నిండా కాగితం చుట్టలు. ఉన్న కాస్త చూపుకీ ఆ కిటికీ వెలుతురే దిక్కు.

"కుర్చీ కావాలా, ఉద్యోగం కావాలా?" అంది.

"కుర్చీ చాలమ్మా. ఈ పూటకే."

ఆమెకు ఒళ్లు మండింది. తప్పు ఎలాగూ చూశాడు, ఇక పైవాళ్ల చెవిన వేయడమే తరువాయి. అదేదో ముందు తనే వేస్తే పోలా అనుకుంది.

చెడిన షీటు చేతబట్టుకుని సూపర్‌వైజరు గదికి నడిచింది. తలుపు దగ్గర తిరిగి చూస్తే, ఆయన అప్పుడే ఆమె కుర్చీలోకి మారి కూర్చున్నాడు. వెళ్లమన్నట్టు తల ఊపాడు.

"ఆ కొత్తాయన ఈ షీటు వదిలేశాడండీ. నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఆయనకు కళ్లు ఆనుతున్నట్టు లేదు."

అబద్ధం తన నోట ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకే తెలియదు.

"కొత్తాయనెవరు?" అన్నాడు సూపర్‌వైజరు. "మీ పక్క కుర్చీ ఏడాదిగా ఖాళీగానే ఉంది కదా."

ఆమె నోరు తెరిచేలోపే గోడలు అదిరాయి.

పరుగెత్తి వచ్చి చూస్తే, ఆ ఇనుప ర్యాకు కూలిపోయి ఉంది. ఒక్కో చుట్ట నలుగురు మోసే బరువు. ఆమె కుర్చీ వాటి కింద నుగ్గునుగ్గయింది.

కింద మనిషున్నాడని ఆమె అరుస్తూనే ఉంది. చుట్టలన్నీ తీయడానికి గంట పట్టింది.

మనిషి లేడు. నెత్తురు మరకైనా లేదు.

ఆమెకు ఏడుపు ఆగలేదు. మోసిన చాడీకి కాళ్ల మీద పడదామన్నా ఆ మనిషేడీ?

కుర్చీ ముక్కల మధ్య ఇత్తడి బిళ్ల ఒకటి దొరికింది. ప్రెస్సులో ప్రతివాళ్లూ మెడలో వేసుకునే నెంబరు బిళ్ల.

సూపర్‌వైజరు దాన్ని తుడిచి చూసి, వింతగా మొహం పెట్టి, "మీదేనా?" అని ఆమెకిచ్చాడు.

ఆమె మెడ తడుముకుంది. తన బిళ్ల తన మెడలోనే ఉంది.

దొరికినదాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి, కళ్లు చికిలించి చూసింది.

అది ఆమె నెంబరే, ముందు ఒక చిన్న చుక్కతో.