సహజంగా లేదు

"పరీక్షలో మీకు హెచ్ఐవీ ఉన్నట్టు తేలిందండీ," అంది నర్సు, గుండె చిక్కబట్టుకుని.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పకపకా నవ్వింది.

నర్సు గభాల్న లేచి నిలబడింది.

కిటికీకి కట్టిన పలచటి నీలం తెర గాలికి ఉబ్బి, మళ్లీ మెల్లగా సర్దుకుంటోంది. ఆ వెలుతురులో గదిలోని వాళ్లందరూ నీళ్లడుగున కూర్చున్నట్టున్నారు. వెనక బెంచీల మీద మిగతా నర్సులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఇవాళ్టికి చాలు. రేపు మళ్లీ చెప్పండి," అంది డాక్టరమ్మ.

ఆ డాక్టరమ్మ విదేశం నుంచి వచ్చింది. శిక్షణ ఖర్చంతా అక్కడి సంస్థదే. ఇక్కడి మాటలు నేర్చుకుంది గానీ మర్యాద కాస్త ఎక్కువైంది. గుమ్మంలోకొచ్చిన పిల్లిని కూడా "మీరు బయటకి వెళ్లండి" అనేది.

రోజూ మధ్యాహ్నం ఇదే పాఠం. పెద్దావిడ రోగిలా కూర్చుంటుంది. నర్సులు ఒక్కొక్కరూ వచ్చి ఆమెకి ఆ కబురు చెప్పాలి. బాగా చెప్పినవాళ్లకి, రోగులతో మాట్లాడే కొత్త సలహా గదిలో కుర్చీ. లేకపోతే తిరిగి ఇంజెక్షన్ల గదికే.

నర్సు ఆ గదిలో ఆరేళ్లు ఉంది. ఫలితం కాగితం అందుకుని గుమ్మం దాటి, మళ్లీ ఎన్నడూ కనిపించని మనుషుల్ని కళ్లారా చూసింది. వాళ్లలో ఒక్కరినైనా ఆపాలని ఆమెకి ఎంత ఆశో!

మర్నాడు మళ్లీ చెప్పింది. పెద్దావిడ మళ్లీ నవ్వింది, ఈసారి కళ్లల్లో నీళ్లొచ్చేలా. నర్సు మళ్లీ లేచింది.

"నన్ను చూస్తే మీకంత వేళాకోళంగా ఉందా అండీ?"

"నిన్ను చూసి కాదమ్మా. నువ్వెందుకు లేచావు? కూర్చో. ఈ నవ్వు ఆగేదాకా కూర్చుంటే చాలు."

"రోగులు ఏడుస్తారండీ. నవ్వరు."

"అలాగా తల్లీ?" అని పెద్దావిడ చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుంది.

అప్పటికే నర్సులందరూ ఆమెకి 'నవ్వులత్త' అని పేరు పెట్టేశారు.

ప్రతి శనివారం ఒక కాగితం ఇస్తారు. శిక్షణలో లోపాలేమిటో అందులో రాయాలి. పేరు రాయక్కర్లేదు. పేరు అక్కర్లేదంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది కదా!

నర్సు కసిగా రాసింది: 'రోగిగా కూర్చునే ఆవిడ నటన సహజంగా లేదు. ఆవిణ్ణి మార్చండి.'

కాగితంలో పడ్డది జరిగి తీరాలని సంస్థ నియమం. సోమవారానికి నవ్వులత్త కుర్చీలో నాటకాల్లో వేషాలేసే ఒక అమ్మాయి కూర్చుంది.

కబురు చెప్పగానే ఆ అమ్మాయి కొలిచినట్టు రెండు కన్నీటి బొట్లు రాల్చింది. నర్సు మంచినీళ్లిచ్చింది, మందుల సంగతి చెప్పింది. గదంతా చప్పట్లు. కుర్చీ దక్కింది.

మూడు నెలల తర్వాత, అప్పుడే తెరిచిన సలహా గదిలోకి ఒక దర్జీ వచ్చాడు. నర్సుకి అతనే మొదటి రోగి.

చెప్పాల్సింది చెప్పింది.

అతను నవ్వాడు. కుర్చీ కదిలిపోయేలా, ఆపుకోలేక నవ్వాడు.

నర్సు లేవబోయింది. ఎవరో భుజం మీద చెయ్యి వేసి మెత్తగా నొక్కినట్టయింది. కూర్చుండిపోయింది.

బయట సన్నగా వాన పడుతోంది. గోడ గడియారం తన మానాన తను నడుస్తోంది. ఎంతసేపయిందో తెలియదు. నవ్వు పలచబడి, పలచబడి, వాన చప్పుడులో కలిసిపోయింది.

"మా ఆవిడకి ఎలా చెప్పను అక్కా?" అన్నాడతను, తల దించుకుని.

"ఇద్దరం కలిసి చెబుదాం తమ్ముడూ. మందులు రోజూ వేసుకో. నీకేం కాదు."

వారం తిరక్కుండా అతను భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లని చూసి నర్సుకి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"నవ్వులత్త ఎక్కడుంటారండీ? ఆవిణ్ణి మార్చమని రాసింది నేనే. కాళ్ల మీద పడాలి."

డాక్టరమ్మ చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"పోయిన నెల నిద్రలోనే పోయారు. గుండె ఆగిపోయింది."

నర్సు గోడకి చేరగిలబడింది.

"పేరు లేకపోయినా మీరే రాశారని ఆవిడ పోల్చుకున్నారు. చదివి, 'ఈ పిల్లకి రోషముంది, పనికొస్తుంది' అన్నారు."

"నేను నటన బాగాలేదని..."

"ఆవిడ నటించలేదు. తన సంగతి తను పోయాక చెప్పొచ్చని రాసిచ్చారు కాబట్టి చెబుతున్నాను. పన్నెండేళ్ల కిందట, ఇదే ఆసుపత్రి వరండాలో, అందరూ వింటుండగా పేరు పిలిచి ఆవిడ ఫలితం చెప్పారు. ఆవిడకి నవ్వొచ్చింది. పిచ్చిదనుకుని గేటు బయటకి పంపేశారు."

"అయ్యో! మరి మా మీద కోపం లేదా ఆవిడకి?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆవిడ మొదటి ఉత్తరం చూసి మా సంస్థవాళ్లు 'మందులూ యంత్రాలూ పంపిస్తాం, సరేనా' అని అడిగితే, 'అవి తర్వాత, ముందు మా నర్సమ్మలకి ఆ మాట చెప్పడం నేర్పండి' అని నాలుగేళ్లపాటు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, మీకోసం ఈ శిక్షణ తెప్పించింది ఆవిడే."