జుమదిల్ తేనె యాడ్

"వీడే! నా పొట్ట కొడుతున్న దొంగ వీడే!" అంటూ తొలోముష్ ఫోన్‌ని తేనె సీసాల మీదకి విసిరినంత పని చేశాడు.

తొలోముష్‌కి కోపమొస్తే ఊరి మధ్యనున్న సులైమాన్ కొండ కూడా జానెడు పక్కకి జరిగి దారిస్తుందని కిర్గిజ్ పట్నమైన ఓష్ బజారులో చెప్పుకుంటారు. అతని భార్య బురుల్ మాత్రం ఎన్నడూ జరిగిన పాపాన పోలేదు.

"ఎవరయ్యా వాడు?" అంది తాపీగా టీ పోస్తూ.

"జుమదిల్ అట. రాజధాని బిష్కెక్ వాడు. ఇదిగో, నువ్వే చూడు."

పక్క కొట్లో ఫోన్లు బాగుచేసే రఖత్ ఆ పొద్దునే అతనికి ఫోన్లో యాడ్ లైబ్రరీ అనేదొకటి చూపించాడు. చిల్లిగవ్వ ఖర్చు లేదు. ఏ వ్యాపారి పేరు కొట్టినా వాడు వేస్తున్న యాడ్‌లన్నీ బయటపడతాయి, ఎప్పట్నుంచి నడుస్తున్నాయో కూడా. "ఎక్కువ కాలం నడిచే యాడ్ ఏదో చూడన్నా. లాభం తేనిదానికి ఎవడూ డబ్బు కట్టడు" అని కిటుకు కూడా చెప్పాడు.

తక్కిన తేనె వ్యాపారుల యాడ్‌లు ఆకుల్లా రాలిపోతుంటే, జుమదిల్ యాడ్ మాత్రం పోయిన ఏడాది నుంచీ ఆగకుండా నడుస్తోంది. తెల్ల టోపీ, కిందకి వాలిన మీసం. నీలం గేటు ముందు నిలబడి, చెక్క గరిటెతో తేనె ఎత్తి పోస్తూ నవ్వుతున్నాడు. "అమ్మా, చలి మొదలైంది. టీలో ఓ చెంచా వేసుకో. ఒళ్ళు జాగ్రత్త."

"ధర చెప్పడేంటి?" అంది బురుల్.

"అదేనే మాయ! అమ్మా అంటూ నోరారా పిలిచి సీసాలు అంటగడుతున్నాడు."

"మరి మన ఓష్‌లో ఎవరి ఫోన్లోనూ కనపడదేం?"

"ఎక్కడో రహస్యంగా అమ్ముకుంటున్నాడు. మంచు పడేలోగా ఈ సరుకు కదలకపోతే కొట్టు వదులుకోవాలి మనం. ఆ తర్వాత నన్ను అమ్ముకోవాలి నువ్వు."

"నిన్నెవరు కొంటారయ్యా? గడ్డకట్టిన తేనెకైనా బేరముంది."

మర్నాటికల్లా తొలోముష్ తెల్ల టోపీ కొన్నాడు. మీసం కిందకి దువ్వాడు. చుట్టాల గేటొకటి చూసి, వాళ్ళు వద్దంటున్నా నీలం రంగు పూశాడు. చెక్క గరిటె పట్టుకుని, "అమ్మా, చలి మొదలైంది" అన్నాడు. మాట పొల్లు పోలేదు.

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది" అని బురుల్ కడుపు పట్టుకుని నవ్వింది.

యాడ్ వేశారు. తేనె కొన్నవాడు లేడు. ఒకాయన ఫోన్ చేశాడు గానీ, ఆ గేటు అమ్ముతారా అని అడిగాడు. జుమదిల్ యాడ్ మాత్రం లైబ్రరీలో పచ్చగా నడుస్తూనే ఉంది.

తొలోముష్ ఊరుకోలేదు. ఆ వారం మేనల్లుడి పెళ్ళిలో, పిలావ్ పళ్ళేల చుట్టూ కూర్చున్న బంధువులందరినీ బతిమాలాడు. "మీ ఫోన్లు తియ్యండి. ఈ యాడ్ మీద నకిలీ తేనె అని ఫిర్యాదు నొక్కండి." కిర్గిజ్ చుట్టరికమంటే మాటలా? ముసలాళ్ళు, పెళ్ళికొడుకు, డోలు వాయించేవాడు, అందరూ నొక్కారు. పెళ్ళికూతురు ముసుగులోంచే నొక్కిందని కూడా అంటారు.

బురుల్ ఒక్కతే నొక్కలేదు. "ఆ తేనె నువ్వు నాకి చూశావా? ముక్కూమొహం తెలియని మనిషి మీద ఆ నింద దేనికయ్యా?"

"నువ్వూరుకోవే."

రెండు రోజుల్లో జుమదిల్ యాడ్ మాయమైంది. పేజీకి పేజీయే పోయింది. తొలోముష్ బజారంతటికీ టీ పోయించాడు.

టీ గిన్నెలు కడగకముందే ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి.

"అన్నా, నేను బిష్కెక్ నుంచి నూర్జమాల్‌ని. తేనె అమ్మే జుమదిల్ భార్యని."

యాడ్ కాపీ కొట్టినందుకు తిడుతుందో, ఫిర్యాదు సంగతి తెలిసిపోయిందో! "ఏంటమ్మా?" అన్నాడు తొలోముష్, పిల్లిలా.

"ఎవరో మా యాడ్ ఆపించేశారన్నా. మళ్ళీ ఎలా పెట్టాలో నాకు తెలీదు. తేనె యాడ్‌లన్నీ వెతుకుతుంటే మీది కనపడింది. అచ్చం మా ఆయనలాగే ఉన్నారు. ఆ టోపీ, మీసం, మాటలు కూడా."

"అది... ఏదో ముచ్చటపడి..."

"తప్పు పట్టడానికి కాదన్నా. మీ యాడ్‌ని అట్‌బాషీ దగ్గర కొండల్లో మా సొంతూళ్ళో వేస్తారా? ఆ ఒక్క ఊళ్ళోనే. రోజూ రావాలి. డబ్బు నేను కడతాను."

తొలోముష్ బురుల్ వంక చూశాడు. ఆమె దగ్గరికొచ్చి ఫోన్‌కి చెవి ఆనించింది.

"నా తేనెకి నువ్వు యాడ్ వేయించడమేంటమ్మా? ఆ ఊళ్ళో అంత బేరముందా?"

"అక్కడ తేనె కొనేవాళ్ళెవరూ లేరన్నా. మేం కూడా ఎండాకాలం నుంచీ ఒక్క సీసా అమ్మలేదు."

"మరి అన్నాళ్ళు యాడ్ ఎందుకు నడిపించారు? మీ ఆయన్ని పిలువు, నేను మాట్లాడతాను."



"ఆ ఊళ్ళో మా అత్తగారుంటారన్నా. చూపానదు, వినికిడీ అంతంతే. ఫోన్లో ఆ యాడ్ వచ్చి ఆయన కనపడి 'టీలో ఓ చెంచా వేసుకో' అనగానే, 'వేసుకున్నాన్రా నాయనా' అని రోజూ ఫోన్‌కి జవాబు చెప్పేవారు. ఎండాకాలంలో లారీ లోయలో పడి కొడుకు పోయాడని ఆవిడకి మేమింకా చెప్పలేదు."