అమ్మ చెట్టు

"నాన్నా, కాగితం కదలనీకు!" అంది త్రీను. పైన్ చెట్టు బెరడుకి అదిమిన కాగితం మీద బొగ్గు ముక్కతో రుద్దుతోంది.

"ఆర్ట్ కాలేజీలో చేరింది నువ్వు, చాకిరీ నాకా?" అన్నాడు వెల్లో.

సమాధుల తోటకి వెళ్లే ఆ దారిలో చెట్టుకో సిలువ ఉంది. శవపేటికతో ఇక్కడ ఆగి, అయినవాళ్లు చెట్టుకి సిలువ చెక్కుతారు. అలా చెక్కితే పోయినవాళ్లు ఆ చెట్టు దగ్గరే ఉండిపోతారు, ఇంటికి తిరిగి రారు. ఆ సిలువల అచ్చులు తీసి, గోడంత పెద్దవి చేసి తరగతిలో నిలబెట్టాలని త్రీను ఆశ.

పదకొండు అచ్చులు చక్కగా వచ్చాయి. పన్నెండోది అమ్మ చెట్టు. ఎంత రుద్దినా బెరడు గీతలే తప్ప సిలువ జాడ లేదు.

"ఎవడు నాన్నా దీన్ని చెక్కింది? కత్తి పట్టడం కూడా రానట్టుంది! తాత సిలువ చూడు, చెట్టుతో పాటు పెరిగి జానెడు వెడల్పయింది."

"నేనే చెక్కాను."

త్రీను చెయ్యి ఆగిపోయింది. ఊళ్లో సగం ఇళ్ల తలుపులు చేసిన వడ్రంగి వాళ్ల నాన్న.

"అప్పుడు నీకు నాలుగేళ్లు. అమ్మ ఎప్పుడొస్తుందని ఒకటే అడిగేదానివి. లోతుగా దించితే ఇక్కడే ఉండిపోతుంది కదా. అందుకే ఎవరికీ తెలీకుండా పైపైన గీశాను."

వెల్లో కాగితం మీది నుంచి చేతులు తియ్యలేదు.

"ఆ గీతలు బెరడులో పూడిపోయి పదేళ్లయింది తల్లీ. ఇంకా రాలేదు."