మూడుసార్లు తిరిగి చూశాడు

సైకిలు ముందు చక్రం కింద ఎండుమిరపకాయలు పటపటమని చిట్లాయి.

"ఏమయ్యా, కళ్ళు నెత్తికెక్కాయా?" కల్లంలోంచి కేకేసింది సంతోషకుమారి.

పర్చూరు దాటాక రోడ్డు వారనే వాళ్ళ కల్లం. టార్పాలిన్ పట్టాలు చాలక నాలుగు బుట్టల కాయ తారు మీదికి పరిచింది. తప్పు తనదే. అయినా అరిచింది. ఏడాదిగా ఆ రోడ్డున పోయే ప్రతి బండి మీదా ఆమెకు కోపమే.

సైకిలు దిగినవాడికి ముప్పై ఏళ్ళుంటాయి. నల్లకళ్ళజోడు, చెమటకు తడిసిన చొక్కా, హ్యాండిలుకు కట్టిన రంగు కాగితాల కుచ్చు.

"తప్పయిందమ్మా," అంటూ స్టాండు వేసి, గొంతుక్కూర్చుని చిట్లిన కాయలు ఏరసాగాడు.

"వదిలెయ్. చేతులు మండిపోతాయి. ఏ ఊరు మీది?"

"పొన్నూరండి. నా పేరు వాసిం. తెల్లారకముందే బయల్దేరాను."

"పొన్నూరు నుంచి సైకిలు మీదా! బస్సులు లేవా?"

"ఉన్నాయండి. ఇవాళ నాకు పండగ. ఎంత దూరమైనా సైకిలు మీదే రావాలనుకున్నాను. తొక్కి పదకొండేళ్ళయింది."

"పండగంటే? పుట్టినరోజా?"

"అలాంటిదేనమ్మా. ఇవాళ్టికి ఏడాది నిండింది."

"గడ్డం మొలిచిన ఏడాది బిడ్డవన్నమాట!" అనేసి నవ్వింది సంతోషకుమారి. తను నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తొచ్చి, చప్పున ఆపేసింది.

బిందెలో నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను తాగాడు. తాగాక కూడా చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"నేనూ మా ఆయనా. ఒక్కగానొక్క కొడుకు ఉండేవాడు, జయపాల్. అదిగో, ఆ మలుపులో లారీ కొట్టేసింది. మొన్న ఆదివారమే ఏడాది ప్రార్థన పెట్టుకున్నాం."



ఆ మాట ఎవరడిగినా చెబుతుంది సంతోషకుమారి. అడక్కపోయినా చెబుతుంది. చెబితేనన్నా బరువు తగ్గుతుందేమోనని. ఇప్పటిదాకా తగ్గలేదు.

"మబ్బు పట్టింది, కాయ ఎత్తరా అన్నాను. సినిమాకి పోతానన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. బండి తీశాడు. ఒరేయ్ జయా, ఒక్కసారి ఇటు చూడరా అని అరిచాను. వినపడింది వాడికి. అయినా చూడలేదు. మొహం తిప్పుకునే పోయాడు నాయనా. ఆ ఒక్క చూపూ చూసి పోయుంటే, నేను ఎలాగో బతికేదాన్ని."

అతను మెల్లగా కళ్ళజోడు తీశాడు. ఆమె మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. చూస్తుండగానే అతని చెంపల మీద నీళ్ళు ధారకట్టాయి.

"అయ్యో, ఘాటు! కొత్తవాళ్ళకి అంతే. జోడు పెట్టుకో. ఆ చేతుల్తో కళ్ళు రుద్దుకునేవు!"

కల్లంలో ఎవరి కళ్ళు కారినా మిరప ఘాటే అనుకుంటారు ఆ ఊళ్ళో. ఏడాదిగా తన ఏడుపు ఆమె దాచుకుంటున్నది కూడా ఆ ఘాటు మాటునే.

"కాసేపు ఇలా ఉండనివ్వండమ్మా," అన్నాడు.

రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆమెకు ఎలాగో అనిపించింది.

"ఏంటయ్యా ఆ చూపు? మనుషుల్ని ఎప్పుడూ చూడలేదా? నీళ్ళు తాగావుగా, ఇక బయల్దేరు!"

అతను ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. చెంబు కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"వస్తానమ్మా."

పదిగజాలు పోయి వెనక్కి తిరిగి చూశాడు.

"ముందు చూసి తొక్కు! లారీలొస్తాయి!" అరిచింది.

మైలురాయి దగ్గర మళ్ళీ తిరిగి చూశాడు.

సంతోషకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఎవడో దారినపోయేవాడు తిరిగి తిరిగి చూస్తున్నాడు. కన్నవాడు ఒక్కసారి చూడలేదు.

మలుపు దగ్గర సైకిలు ఆపి మరీ మూడోసారి చూశాడు. ఆమె విసురుగా మొహం తిప్పేసుకుంది.

మధ్యాహ్నానికి ఆమె భర్త క్రీస్తుదాసు మోపెడ్ మీద కొత్త పట్టాలతో వచ్చాడు. దిగీ దిగకముందే అడిగాడు.

"సైకిలు మీద ఒకబ్బాయి వచ్చాడా?"

"వచ్చాడు. తరిమేశాను. నీకెలా తెలుసు?"

క్రీస్తుదాసు మిరపకాయల మధ్యే కూలబడ్డాడు.

"పోయిన వారం గుంటూరు మిర్చి యార్డుకొచ్చి నన్ను వెతికి పట్టుకున్నాడు. పాత పేపర్లో మన ఊరూ పేర్లూ చూశాడట. ఒక్కసారి అమ్మను చూసిపోతాను, మళ్ళీ ఈ దారికి రానన్నాడు. సరే, చెప్పేదేదో ముందు నేనే చెప్పుకుంటాను, నువ్వు నోరు విప్పొద్దని ఒట్టేయించుకున్నాను. పొద్దున నీ మొహం చూశాక నాకు నోరు పెగల్లేదు. పట్టాల వంక పెట్టి పారిపోయాను."

"ఏంటయ్యా నువ్వు చెప్పేది?"

"ఆ రోజు నువ్వు స్పృహలో లేవు. ఆసుపత్రిలో అడిగితే సంతకం పెట్టాను. నువ్వు తట్టుకోలేవని, ఆ పేపరు ముక్క నీ కంటపడనివ్వొద్దని ఊరందర్నీ బతిమాలుకున్నాను సంతోషం."

"దేనికి సంతకం?"

అతను ఆమె వైపు చూడలేకపోయాడు.

"పదేళ్ళు చూపు లేకుండా బతికాడట ఆ పిల్లాడు. పోయినేడు సరిగ్గా ఈ రోజే కట్టు విప్పారట."

సంతోషకుమారి చెప్పులు లేకుండానే తారు మీదికి పరిగెత్తింది. "ఒరేయ్ జయా!" అని మలుపుదాకా వినపడేలా అరిచింది. రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ లేదు.

ఆనాడు ఒక్కసారైనా తిరగని తన కొడుకు కళ్ళు ఇవాళ మూడుసార్లు వెనక్కి తిరిగి అమ్మను చూశాయి. మొహం తిప్పుకున్నది అమ్మే.