ఎవరి ఎత్తు

కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చిన ఫుట్‌బాల్ సరాసరి చదరంగం బల్ల మీద పడింది. పావులన్నీ నేలపాలయ్యాయి. నరసరాజు లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది.

మారేడ్‌పల్లి కమ్యూనిటీ హాల్లో అది ఫైనల్. మిగతా ఆటలు ఎప్పుడో ముగిసి, ఆడినవాళ్ళంతా టీ కొట్టుకు పోయారు. నాలుగు గంటలుగా బల్ల దగ్గర ఉన్నది ఇద్దరే. ఒకరు మూడేళ్ళుగా కప్పు వదలని బ్యాంకు ఆఫీసరు నరసరాజు. రెండోవారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే జ్ఞానమణి. పోటీ నడిపిస్తున్న బ్రహ్మచారి మాస్టారు హాలు అవతలి మూల కూర్చుని ఫలితాలు రాసుకుంటున్నాడు.

నరసరాజు బంతి చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చాడు. మెట్టుగూడ జట్టు కెప్టెన్ తుకారాం మైదానంలోంచి అప్పటికే పరుగెత్తుకొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. వెనకాల నలుగురు ఆటగాళ్ళు.

"తప్పయింది సార్. అద్దం మేమే ఏపిస్తం. ఎవరికన్న దెబ్బ తాకిందా?"

"దెబ్బ తగిలితే కట్టు కట్టుకునేవాణ్ణి. గెలిచే ఆట పోయింది. బంతి ఇవ్వను."

జ్ఞానమణి గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, ఒక్క మాట."

"నువ్వుండమ్మా," అన్నాడు నరసరాజు, వెనక్కి తిరక్కుండానే. "వీళ్ళ సంగతి ఈ రోజు తేలాలి. ఆదివారం వస్తే చాలు, మంద వచ్చి పడుతుంది. అరుపులు, ఈలలు, బూతులు. మా హాల్లో దగ్గొస్తే బయటికి పోయి దగ్గుతాం. అదీ ఆటంటే. అదీ మర్యాదంటే."

మంద అన్న మాటకు తుకారాం ముఖం మారిపోయింది.

"మర్యాద మీ ఒక్కరికే ఉందా సార్? మా దగ్గర ఫౌల్ చేసినోడు చెయ్యెత్తి నాదే తప్పంటడు. కింద పడ్డోన్ని ఎదుటి టీమోడే లేపుతడు. ఆటల తన్నుకుంటం, అయినంక ఒక్క గ్లాసుల చాయ్ తాగుతం. మీరు నాలుగు గంటలు ఎదురెదురుగ కూసుంటరు, ఎదుటి మనిషి పేరు సుత అడగరు. ఈ అక్క పేరేంది, చెప్పుండ్రి."

నరసరాజు హాల్లోని బల్ల వైపు చెయ్యి చూపాడు. "కాగితం మీద రాసి ఉంది."

వెనకున్న ఆటగాళ్ళలో ఎవరో నవ్వారు. నరసరాజు చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే చెప్తానండీ, అసలు అక్కడ..." అంది జ్ఞానమణి.

"జెర ఆగక్కా," అన్నాడు తుకారాం, నరసరాజు మీంచి చూపు తిప్పకుండా. "ఈయనతోని మాట్లాడుతున్న కద."

లోపలి నుంచి బ్రహ్మచారి మాస్టారు పెన్ను పట్టుకునే వచ్చాడు. "రాజుగారూ, శాంతించండి. ఎత్తులన్నీ ఇద్దరూ రాసుకున్నారుగా. పావులు మళ్ళీ పేర్చుకుందాం."

"పావులు పేరుస్తారు మాస్టారూ. నాలుగు గంటలు నా తలలో పేర్చుకున్నది ఎవరు పేరుస్తారు? దాన్ని వీడి కాలు తన్నింది."

"వీడు గీడు అనకు," అని తుకారాం ఒక మెట్టెక్కి బంతి మీద చెయ్యి వేశాడు. నరసరాజు వదల్లేదు. ఇద్దరూ గుంజులాడుకున్నారు. నరసరాజు చొక్కా గుండీ తెగిపోయింది. నలుగురు ఆటగాళ్ళూ మెట్లెక్కారు. మాస్టారు రెండు చేతులూ చాపి మధ్యలో నిలబడి, ఎవరిని ఆపాలో తెలియక ఇద్దరినీ తోస్తున్నాడు.

ఉన్నట్టుండి నరసరాజు బంతి వదిలేశాడు.

"తీసుకో. మీతో కుస్తీ పట్టడానికి నేను రాలేదు." ఊపిరి తీసుకుని, తెగిన చోట చొక్కా దగ్గరకు లాక్కున్నాడు. "మాస్టారూ, డ్రా అని రాసుకోండి. గెలిచే ఆటే, పోనీ. పాపం ఆ అమ్మాయికి కూడా ఆదివారం ఎందుకు పాడవ్వాలి."

తుకారాం చేతిలో బంతి ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. కోపం దిగిపోయి సిగ్గేసింది. "నేను తొందరపడ్డ సార్. మీది పెద్ద మనసు."

మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. "చాలా బాగుంది. డ్రా అయితే గుంటూరులో జరిగే రాష్ట్ర పోటీలకు పోయినేటి విజేతే వెళ్ళాలని మన నియమం. రాజుగారే వెళ్తారు. అమ్మాయికి రెండో బహుమతి. మొదటిసారికి అదేం తక్కువ కాదు."

"ఒప్పుకో అక్కా," అన్నాడు తుకారాం గుమ్మం వైపు తిరిగి. "సార్ గంత మంచిగ ఇస్తున్నడు."

గుమ్మంలో ఎవరూ లేరు.

అందరూ హాల్లోకి చూశారు. జ్ఞానమణి మోకాళ్ళ మీద కూర్చుని, గాజు పెంకుల మధ్య నుంచి ఆఖరి బంటును ఏరుతోంది. లేచి, కాగితం వైపు చూడకుండానే దాన్ని దాని గడిలో పెట్టింది. బల్ల నిండా పావులు ఎక్కడివక్కడ ఉన్నాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది. చీరకు చేతులు తుడుచుకుని బల్ల మీది ఆట గడియారం బొత్తాం నొక్కింది.

"మీ ఎత్తే రాజుగారూ. మీ రాజుకు ఇంకొక్క గడే మిగిలింది, అక్కడికొస్తే నా ఎత్తుకు ఆటకట్టు."